మూకండపల్లి సైగాన్ హోటలు

పోయిన నెల మా చిన్న మనవరాలి పుట్టినరోజని పిల్లలందరూ కలిసి నన్ను హోసూరు బైపాసు పక్కన కొత్తగా లేచిన ఒక పెద్ద భవనంలోకి తీసుకుపోయారు. మూడో అంతస్తులో వియత్నాం హోటలట. మోకాళ్ళ నొప్పులతో నేను లిఫ్టు ఎక్కి దిగి, మెత్తటి కుర్చీలో కూలబడి ఊపిరి పీల్చుకునేలోగా, అక్కడ వడ్డించే అమ్మాయి ఒక పెద్ద గిన్నె నా ముందు పెట్టి, ఇందులో మాంసం లేదని రెండుసార్లు చెప్పి, దాన్ని ఎలా తినాలో వివరించడం మొదలుపెట్టింది. ముందు ఆకులు తుంచి వెయ్యాలట, ఆ తరువాత నిమ్మకాయ పిండుకోవాలట, మిరపకాయ ముక్కలు ఎవరికి కావలసినన్ని వాళ్ళు వేసుకోవాలట. ఆ అమ్మాయి మాట పూర్తి కాకముందే నా చేతులు ఆ పనులన్నీ చేసేశాయి. మా మనవరాలు కళ్ళు పెద్దవి చేసుకుని, "అవ్వా, నీకెట్ల తెలుసు?" అని అడిగింది. నలభై ఏళ్ళ కిందట ఈ ఊళ్ళోనే ఇలాంటి హోటలు నడిపిన వాళ్ళలో నేనూ ఒకతెను అంటే పిల్లలంతా నవ్వారు. మా అబ్బాయి మాత్రం నవ్వలేదు, వాడికి ఆ హోటలు గుర్తుంది. ఎలా ఉందమ్మా అని వాడు అడిగితే, వేడిగా ఉందిరా అన్నాను.

ఇంటికి వచ్చాక రెండు రోజులు మనసు మనసులో లేదు. పిల్లలకు చెబితే కథ అంటారు, అందుకే నా ఈడు వాళ్ళు ఎవరైనా చదివితే నన్ను సరిగ్గా తిట్టగలుగుతారని ఇది రాస్తున్నాను.

మాది మూడు తరాలుగా హోసూరు బజారు వీధిలో అంగడి పెట్టుకున్న శెట్ల కుటుంబం. చింతపండు, మిరియాలు, బెల్లం, పప్పులు, పూజ సామాను అన్నీ ఉండేవి. నేను చిత్తూరు వైపు నుంచి ఆ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి మా మామగారి తమ్ముడు, అంటే నాకు చిన్నమామ, ఇంట్లో లేడు. గోడ మీద ఫోటోలో మాత్రం ఉండేవాడు. పద్దెనిమిదేళ్ళ వయసులో అరవదేశపు బట్టల వ్యాపారుల వెంట సైగాన్ పోయి, అక్కడి అంగట్లో గుమాస్తాగా చేరి, అక్కడే ఉండిపోయాడు. ఏడాదికి ఒక ఉత్తరం వచ్చేది. ఒక ఉత్తరంలో పెళ్ళి చేసుకున్నానని రాశాడట. ఆ ఉత్తరం చదివిన రోజు మా అత్త ఆ పూట వంట చెయ్యలేదని ఇంట్లో చెప్పుకునేవారు.

అక్కడ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, ఉన్న అంగడి పోయి, చిన్నమామ రెండు పెట్టెలతో, భార్యతో జట్కా బండిలో వచ్చి మా ఇంటి ముందు దిగాడు. అత్త హారతి పళ్ళెం పట్టుకుని గడపలో నిలబడింది గాని, ఆ మనిషికి హారతి ఇవ్వవచ్చో లేదో తేల్చుకోలేక, వాళ్ళిద్దరికీ మధ్యనున్న గాలికి ఇచ్చి లోపలికి పోయింది. చిన్నత్త నవ్వలేదు, చిన్నబుచ్చుకోనూ లేదు. సన్నటి మనిషి, నలభై దాటి ఉంటుంది, చీర ఎవరో చెప్పగా విని కట్టుకున్నట్టు అక్కడక్కడా జారుతోంది. నేను పోయి కుచ్చెళ్ళు సరిచేశాను. అంతే, ఆ రోజు నుంచి ఆమె నన్ను వదల్లేదు, నేనూ ఆమెను వదల్లేదు.

వెనక గదిలో వాళ్ళ కాపురం. ఆమెకు ముందే కొంచెం అరవం వచ్చు, నా దగ్గర కూర్చుని ఏడాదిలో తెలుగు నేర్చుకుంది. అదీ మా హోసూరు తెలుగు. వీధిలో వాళ్ళు ఆమెను కొందరు నేపాళీ అనేవారు, కొందరు చైనా అమ్మ అనేవారు. మా అంగడికి వచ్చే గౌడులైతే కన్నడంలో పలకరించి, జవాబు అరవంలో వస్తే ముచ్చటపడి పోయేవారు. ఆమె మా ఇంట్లో కూరగాయలు తరిగేది, బియ్యం ఏరేది, కొబ్బరి తురిమేది. పొయ్యి దగ్గరికి మాత్రం రాకూడదు. అది ఎవరూ ఆమెతో చెప్పలేదు, ఆమె ఎవరినీ అడగలేదు. ఆమె చేత్తో వండినది మేము తినమని ఇంట్లో చంటిపిల్లలకు కూడా తెలుసు. ఇప్పుడు రాస్తుంటే చెయ్యి ఆగుతోంది గాని, అప్పుడు నాకు అందులో తప్పు కనబడలేదు. సూర్యుడు తూర్పున లేస్తాడన్నంత మామూలుగా ఉండేది.

చిన్నమామకు ఉబ్బసం. అంగట్లో మిరపకాయల బస్తాల మధ్య కూర్చుంటే పది నిమిషాల్లో ఊపిరి అందేది కాదు. ఏ పనీ లేకుండా అన్న ఇంట్లో తినడం ఆయనకు చిన్నతనంగా ఉండేది. అప్పటికి ఊరి పక్కన మూకండపల్లిలో ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే లేస్తున్నాయి. ఎక్కడెక్కడి నుంచో మనుషులు పనికి వచ్చి లైన్ ఇళ్ళల్లో కాపురాలు పెడుతున్నారు. ఆ వైపు మాకు చింతపండు నిలవచేసే పెంకుటి షెడ్డు ఒకటి ఉండేది. ఒక రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక చిన్నత్త మా మామగారి ముందుకు వచ్చి నిలబడి, ఆ షెడ్డు ఇస్తే హోటలు పెడతానన్నది. మామగారు మొహమాటస్తుడు, కాదనడం రాదు. అందుకని, మన స్థలంలో పొయ్యి వెలిగితే నీచు వాసన రాకూడదు, గుడ్డు కూడా పనికిరాదు అని షరతు పెట్టాడు. వాళ్ళ దేశంలో చేప లేనిదే ముద్ద దిగదని ఆయన వినివున్నాడు, దానితో ఆ మాట అక్కడికి ఆగిపోతుందని అనుకున్నాడు.

చిన్నత్త ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "మా అమ్మ పున్నమికీ అమాస్యకీ నీచు ముట్టేది కాదు బావా. ఆ రెండు దినాలూ బుద్ధుని గుడి ముందర చారు అమ్మేది. అదే చేస్తాను" అన్నది. మామగారికి షెడ్డు ఇవ్వక తప్పలేదు. ఆయన పెట్టిన షరతే ఆయనను కట్టేసింది.

తరువాత వెనక వసారాలో బియ్యం ఏరుతూ ఆమె నాతో చెప్పినది నాకు ఇప్పటికీ అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. వాళ్ళమ్మ కావడిలో ఒక వైపు చారు కుండ, ఒక వైపు గిన్నెలు పెట్టుకుని ఊరంతా తిరిగి అమ్మేదట. యుద్ధంలో వాళ్ళమ్మ పోయింది, ఇల్లు పోయింది, తిరిగి పోయే దారీ లేదు. "ఆ చారు నాకు తప్ప ఇంక ఎవురికీ రాదు అమ్మా. ఈ ఊర్లో ఒక్కరు తాగి, బాగుండాదంటే సాలు నాకు" అన్నది. ఒక్కరు అంటే ఎంత, నేను ఊరంతా తాగిస్తాను చూడు అనుకున్నాను మనసులో. పాతికేళ్ళు నిండని వయసు, అంతకు మించి తెలివి ఎక్కడ నుంచి వస్తుంది.

ఆ చారు సంగతి కొంచెం చెప్పాలి. ఉల్లిపాయలు, అల్లం నిప్పుల మీద నల్లగా కాల్చి, పొట్టు తీసి, ముల్లంగి ముక్కలు, చెరకు ముక్కలు, దాల్చినచెక్క, అనాసపువ్వు వేసి తెల్లవారుజాము నుంచి సన్నటి సెగ మీద కాచేది. అనాసపువ్వు మా అంగట్లోనే ఉండేది, మేము బిర్యానీ చేసుకునే సాయిబులకు తప్ప ఎవరికీ అమ్మి ఎరుగము. సేమ్యా లాంటి బియ్యపు పోగులకు ఏం చెయ్యాలా అని ఆమె దిగులుపడితే, నేను నవ్వి, అటక మీద నుంచి అత్తగారి ఇత్తడి శావిగ ఒత్తు దించి చూపించాను. మా వైపు ప్రతి ఇంట్లో ఉండేదే గదా. బియ్యపు పిండి ఉడికించి ఒత్తితే, ఆమె ఆ పోగులను చేతిలోకి తీసుకుని ముఖానికి దగ్గరగా పెట్టుకుని వాసన చూసింది. అప్పుడు మొదటిసారి ఆమె కళ్ళల్లో నీళ్ళు చూశాను.

అన్నీ కుదిరినా ఒక్కటి కుదరలేదు. ఆ చారుకు ఉప్పు వెయ్యరట. సోయా గింజలు, అన్నం పులియబెట్టి, ఎండలో నెల నాళ్ళు పెట్టి తీసిన ఒక నల్లటి రసం ఉంటుంది, ఉప్పు, పులుపు, కమ్మదనం అన్నీ అందులోనే ఉంటాయి. అది లేకుంటే ఆ చారు ఉత్త కషాయం అని ఆమె గట్టిగా చెప్పింది. సోయా గింజల కోసం ఇద్దరమూ బస్సెక్కి కృష్ణగిరి పోయాము. చింతకాయల కాలం, బస్సు నిండా గంపలు, కండక్టరు ఆమెతో ఇంగ్లీషు మాట్లాడబోతే ఆమె, "రెండు టికెట్లు ఇయ్యప్పా, కృష్ణగిరికి" అన్నది. బస్సంతా తిరిగి చూసింది. విత్తనాల అంగళ్ళన్నీ తిరిగి తిరిగి చివరికి ఒకచోట కొలిస్తే రెండు పడుల గింజలు దొరికాయి. అవి పొలంలో చల్లడానికి గాని తినడానికి కాదని అంగడాయన మాకు బుద్ధి చెప్పి మరీ ఇచ్చాడు.

ఇక అసలు పని. అన్నం వండి, చేటల్లో పలచగా ఆరబోసి, అరిటాకులు కప్పి, గాలి తగలని చోట పెట్టాలి. మా ఇంట్లో పాత్రల గది పక్కన చీకటి కొట్టు ఒకటి ఉండేది, అత్తకు చెప్పకుండా నేనే అందులో చోటు చేసి ఇచ్చాను. ఎందుకు, ఏమిటి అని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. మొదటిసారి పెట్టినది ఆమే తెరిచి చూసి పారబోసింది, రెండోసారిదీ అంతే. ఈలోగా మామగారు పంచాంగం చూపించి ఉగాది వెళ్ళిన తరువాత ఒక ముహూర్తం పెట్టించారు. అది దాటితే మూఢం, శ్రావణం దాకా మంచి రోజు లేదు. అప్పటికి సరిగ్గా నలభై రోజుల ముందు ఆమె మూడోసారి చేటలు పెట్టింది. నాలుగో రోజు ఉదయం ఆమె చిన్నమామను తీసుకుని మందుకు ఆసుపత్రికి పోయింది. నేను కొట్టు ఊడుద్దామని పోయి అరిటాకు ఎత్తి చూద్దును గదా, అన్నం కనబడలేదు. చేట నిండా పచ్చగా, పసుపు పచ్చగా, బొచ్చులాగా బూజు.

శెట్ల ఇంట్లో పెరిగిన ఆడవాళ్ళకు ఊరగాయ జాడీలో బూజు కనబడటమంటే ఏమిటో నేను వేరే చెప్పనక్కరలేదు. తడి చెయ్యి పెట్టావనో, శుభ్రం లేదనో ఏడాది పొడుగునా దెప్పించుకోవాలి. అత్త చూస్తే చిన్నత్తను ఇక కూరగాయలు కూడా తరగనివ్వదు. పాపం, మూడుసార్లు చేసింది, మూడుసార్లూ చెడిపోయింది, ఈసారి ఆమెకు తెలియకుండానే సరిచేసి పెడదామనుకున్నాను. ఆ బూజు పట్టిన అన్నమంతా పెరట్లో పేడగుంతలో వేసి మట్టి కప్పాను. చేటలను చింతపండుతో, బూడిదతో రుద్ది, మరిగే నీళ్ళు పోసి కడిగి, ఎండలో ఆరబెట్టాను. మడిగా కొత్త బియ్యం కడిగి, పొడిపొడిగా అన్నం వండి, ఆమె పరిచినట్టే పలచగా పరిచి, లేత అరిటాకులు కోసుకొచ్చి కప్పాను. కొట్టు గోడలకు సున్నం కూడా కొట్టాను. ఎంత మంచి పని చేశానో అని ఆ మధ్యాహ్నం తృప్తిగా నిద్రపోయాను కూడా.

సాయంత్రం ఆమె వచ్చి ఆకు ఎత్తింది. తెల్లగా మల్లెమొగ్గల్లాంటి అన్నం. నేను వెనక నిలబడి, నవ్వు ఆపుకోలేక, జరిగినదంతా చెప్పేశాను. ఆమె తిరిగి నా వైపు చూసిన చూపుతో నా నవ్వు ఆగిపోయింది. ఆ పచ్చటి బూజు పట్టడానికే ఆమె మూడుసార్లు ఎదురు చూసింది. మొదటి రెండుసార్లూ నల్లది పట్టింది, అది విషం. ఈసారి వాళ్ళమ్మ చేటల్లో పట్టిన రంగే పట్టింది. ఇదంతా ఆమె చెప్పలేదు, చిన్నమామ గుమ్మంలో నిలబడి, ఆయాసపడుతూ, మెల్లగా చెప్పాడు. నేను ఆమె కాళ్ళ మీద పడబోయాను. ఆమె నా భుజం పట్టుకుని లేపి, చేటలో నుంచి రెండు మెతుకులు తీసి నోట్లో వేసుకుంది. "అన్నం బాగా వండినావు అమ్మా" అన్నది. ఆ పూట ఆ అన్నమే అందరమూ తిన్నాము. అది నేను వండినది గదా, తినడానికి ఎవరికీ అడ్డం లేదు.

మళ్ళీ పెడదామంటే సంగతి అత్త చెవిన పడింది. పూజ జరిగే ఇంట్లో కావాలని బూజు పెంచడమేమిటని ఆమె కొట్టుకు తాళం వేసి తాళంచెవి నడుముకు దోపుకుంది. అత్తను నేను తప్పు పట్టను. ఆమె నడిచిన దారి అది.

ముహూర్తం ఆగదు గదా. షెడ్డుకు సున్నం కొట్టించి, నాలుగు బల్లలు వేయించి, 'సైగాన్ హోటల్' అని అరవంలోనూ తెలుగులోనూ బోర్డు రాయించాము. పురోహితుడు గణపతి పూజ చేసి పాలు పొంగించాడు. మొదటి ముద్ద దేవుడికి, రెండోది పొద్దున షిఫ్టుకు పోయే ఫ్యాక్టరీ వాళ్ళకు. నల్ల రసం లేకుండా ఉప్పు వేసి కాచిన చారు అది. తాగిన వాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. జ్వరం వచ్చిన వాళ్ళకు పెట్టేది మాకు పెట్టినారే అని లేత్ మిషను మీద పనిచేసే ఒకాయన అడిగాడు, కోపంగా కాదు, జాలిగా. వారం రోజులు గిన్నెలు సగం సగం వెనక్కి వచ్చాయి. చిన్నత్త సాయంత్రం మిగిలిన చారు గుంతలో పోసేటప్పుడు ముఖం అటు తిప్పుకునేది.

నేను చేసిన తప్పు నేనే దిద్దాలని పట్టుదల పుట్టింది. ఎనిమిదో రోజు మా ఇంటి చారుపొడి, అదే మిరియాలు, జీలకర్ర, ధనియాలు, ఎండుమిర్చి వేయించి దంచినది, ఒక డబ్బా తీసుకుపోయి ఆ కుండలో రెండు గరిటెలు వేశాను, కొంచెం చింతపండు పిండాను. రుచి చూడలేదు. మా ఇళ్ళల్లో దేవుడికి పెట్టకముందు వంట రుచి చూడరు, కంటితో, వాసనతోనే ఉప్పూ కారమూ తెలుసుకోవాలి, నాకు ఆ చెయ్యి బాగా తిరుగుతుందని పేరు. అది ఒక కారణం. ఆమె కుండలోనిది నేను నోట పెట్టకూడదన్నది రెండో కారణం, ఆ రెండోదాన్ని నేను మొదటిదాని వెనక దాచిపెట్టుకునేదాన్ని. పొడి వేసేముందు ఆమెను అడిగాను. ఆమె కుండ మీద నుంచి చెయ్యి తీసి పక్కకు జరిగింది. అంతకు మించి సమ్మతి నేనూ కోరలేదు.

ఆ రోజు గిన్నెలు ఖాళీగా వచ్చాయి. పది రోజుల్లో బల్లలు చాలక బయట బెంచీలు వేశాము. హోసూరు చలికి, తెల్లవారి పొగమంచులో నడిచి వచ్చే వాళ్ళకు ఆ వేడివేడి కారపు చారు, అందులో శావిగలు, పైన కొత్తిమీర, నిమ్మకాయ ముక్క ప్రాణం లేచొచ్చినట్టు ఉండేదట. ఆ తరువాత వాళ్ళు అడిగారని వడ వేశాము, వడ చారులో నానేసి ఇచ్చాము. పచ్చి ఆకులు ఎవరూ తినడం లేదని మానేశాము. అనాసపువ్వు వాసన మందులాగా ఉందంటే తగ్గించి, తగ్గించి, ఒక ఏడాదికి పూర్తిగా తీసేశాము. బర్గూరు గ్రానైటు క్వారీల వాళ్ళు లారీ ఆపి మరీ తిని పోయేవారు. బోర్డు మీద సైగాన్ అలాగే ఉంది, కుండలో మాత్రం మా బజారు వీధి చారు మరుగుతోంది. అందరూ నన్ను మెచ్చుకున్నారు. మామగారు, ఆ హోటలును నిలబెట్టింది నా కోడలు అని వచ్చిన వాళ్ళందరికీ చెప్పేవారు. నిజం ఒప్పుకోవాలంటే, నేను ఆ మాట విని పొంగిపోయేదాన్ని. ఇంటి నుంచి పొద్దున్నే వచ్చి, వడ్డన చూసుకుని, ఇంటి నుంచి తెచ్చుకున్న క్యారియరులో అన్నం ఒక మూల కూర్చుని తినేదాన్ని. ఆమె కాచిన కుండకు పది అడుగుల దూరంలో, ఆరేడు సంవత్సరాలు.

పంతొమ్మిది వందల ఎనభై దాటిన తరువాత చిన్నమామ, చిన్నత్త హోటలు వెనకే ఒక లైన్ ఇల్లు తీసుకుని వేరే కాపురం పెట్టారు. గోడ ఆమెది, తలుపు ఆమెది, చీకటి మూల ఆమెది. కృష్ణగిరి ఒక్కతే పోయి గింజలు తెచ్చుకుంది. ఎన్నిసార్లు పెట్టిందో, ఎన్నిసార్లు పారబోసిందో నాకు తెలియదు, నన్ను పిలవలేదు. నేను మళ్ళీ కడిగేస్తానని భయపడిందేమో అని చిన్నమామ నన్ను ఆటపట్టించేవాడు. ఆ ఎండాకాలం వాళ్ళ ఇంటి ముందు ఒక పింగాణీ జాడీ, మూతికి తెల్లగుడ్డ కట్టి, నలభై రోజులు ఎండలో ఉంది. ఆమె దారిన పోతూ వస్తూ దాన్ని ఒకసారి తాకి పోయేది.

ఒక పున్నమి రోజు ఉదయం నేను హోటలుకు వచ్చేసరికి చారుపొడి డబ్బా అటక మీదికి పోయింది. కుండలో కాలిన ఉల్లిపాయ, అనాసపువ్వు. తీగలాగా నల్లటి రసం ఆమె చేతిలోని గరిటె నుంచి దిగుతోంది. వాసన షెడ్డంతా నిండింది. తేమ మట్టి లాంటి, పాత చెక్కపెట్టె లాంటి వాసన. ఆమె పట్టుచీర కట్టుకుంది. ఆ రోజు అందరికీ ఆమే తన చేత్తో వడ్డించింది.

ఆ లేత్ మిషను ఆయన, మొదటి రోజు నుంచి వచ్చేవాడే, రెండు గుక్కలు తాగి గిన్నె కింద పెట్టాడు. "ఏమమ్మా, ఈ పొద్దు చారు ఇట్లుండాదే? ఎప్పుడూ చేసేదే చేయమ్మా, అదే మీ ఊరి రుచి" అన్నాడు. ఎవరినీ నొప్పించే మనిషి కాదు ఆయన. మీ ఊరి రుచి అని మా అత్తగారింటి చారుపొడిని అన్నాడు. ఆమె సరేనని తల ఊపింది. మిగతా వాళ్ళూ సగం తాగి, మర్యాదకు ఏమీ అనకుండా చేతులు కడుక్కుని పోయారు. షిఫ్టు సైరను మోగాక షెడ్డు ఖాళీ అయింది.

అప్పుడు చిన్నత్త రెండు గిన్నెలు కడిగి, తుడిచి, శావిగలు వేసి, ఆకులు తుంచి, నిమ్మకాయ పిండి, చారు పోసి, ఒకటి తన ముందు, ఒకటి నా ముందు పెట్టింది. అన్ని సంవత్సరాల్లో ఆమె నా ముందు గిన్నె పెట్టడం అదే మొదలు. తాగమని అనలేదు. నా ముఖంలోకి చూస్తూ కూర్చుంది. నా చెయ్యి గిన్నె దాకా పోయింది, వేడి తగిలింది. "ఈ పొద్దు నాకు ఒక్కపొద్దు గదా అత్తా" అన్నాను.

ఆమె ఆ గిన్నె తన వైపు జరుపుకుంది. తనది తాగింది, తరువాత నాదీ తాగింది, అడుగున ఒక్క పోగు మిగల్చకుండా. రెండు గిన్నెలూ తనే కడిగి బోర్లించింది. మరుసటి రోజు ఉదయం నేను పోయేసరికి రోట్లో మిరియాలు, ధనియాలు వేసి చారుపొడి తనే దంచుతోంది. ఆ జాడీ తరువాత ఏమైందో నేను అడగలేదు.

హోటలు ఇంకో ఐదేళ్ళు బాగా నడిచింది. చిన్నమామ పోయాక ఆమె దాన్ని మూసి, సైగాన్ నుంచి వచ్చిన తనవాళ్ళు పుదుచ్చేరిలో కొందరు ఉన్నారని అక్కడికి పోయింది. బస్సు ఎక్కేటప్పుడు నా బుగ్గలు రెండు చేతులతో పట్టుకుని, నన్ను ఆమె ఎప్పుడూ పిలిచినట్టే అమ్మా అన్నది. నాలుగేళ్ళకు పోయిందని కార్డు వచ్చింది. షెడ్డు ఉన్నచోట ఇప్పుడు బైకుల షోరూము ఉంది. ఆ రోజుల సంగతి వస్తే మా బంధువులు ఇప్పటికీ, నీ చేతి పొడి లేకుంటే ఆ హోటలు నెల తిరిగేది కాదు అంటారు. ఆ మాట నిజమే, కాదనలేను.

ఇప్పటి పిల్లలు ఏ ఊరి వంటైనా, ఎవరు వండారని అడగకుండా తింటారు. ఎవరి ఇంటికి పోయినా పొయ్యి దాకా పోతారు. వాళ్ళు మాకన్నా మంచివాళ్ళని ఇదివరకు ఒప్పుకునేదాన్ని కాదు, ఇప్పుడు ఒప్పుకుంటాను. మేము అభిమానం ఉన్న మనిషి కోసం చేటలు కడిగాము, అన్నం వండాము, కుచ్చెళ్ళు సరిచేశాము, ఒళ్ళు దాచుకోకుండా పదేళ్ళు చాకిరీ చేశాము, ఆమె అడిగిన ఒక్కటి మాత్రం ఇవ్వలేదు. ఊళ్ళో ఒక్కరు చాలన్నది ఆమె, ఆ ఒక్కరుగా నన్ను అనుకుంది.

నా ఒక్కపొద్దు శనివారం. ఆ పున్నమి గురువారం వచ్చింది. నాకు ఏ రోజు క్యారియరు అవసరం లేదో వారం వారం చూసుకుని, ఆ రోజుకు అరటిపళ్ళు తెచ్చిపెట్టేది చిన్నత్తే.